నోటికి వచ్చిన జవాబు నోట్సులోకి ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: ఆరో తరగతికి భాష బోధించే ఒక టీచరు రాసిన ఉత్తరం సారాంశం ఇది. తరగతిలో 38 మంది. గద్యభాగం చదివించి ప్రశ్నలు అడిగితే పిల్లలు నోటితో బాగానే చెబుతారు. నోట్సు తెరిస్తే మాత్రం ఒకే వాక్యం, ఒక్కోసారి ఒకే మాట. కొందరు పేరా మొత్తం ఎత్తి రాసేస్తారు. విరుగుడుగా ఆవిడ నాలుగు మెట్ల పద్ధతి ఒకటి నేర్పారు: ప్రశ్నను తిప్పి రాయి, జవాబు చెప్పు, ఆధారం చూపు, వివరించు. మొదటి నెల బాగానే గడిచింది. ఇప్పుడు 38 జవాబులూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి. వాక్యాలు నాలుగుంటాయి, విషయం మొదటి వాక్యంతోనే అయిపోతుంది. "జవాబులు మీరే రాసిచ్చి బట్టీ పట్టించండి, మార్కులొస్తాయి" అని తోటి టీచరు అంటున్నారు. ప్రధానోపాధ్యాయులు మార్కుల పట్టిక చూసి నిలదీస్తున్నారు. రాత్రి పదింటిదాకా దిద్దితే, మర్నాడు పిల్లలు మార్కు చూసుకుని పుస్తకం మూసేస్తున్నారు. "లోపం నా బోధనలో ఉందా, పిల్లల చదువులో ఉందా తెలియడం లేదు. ఈ పద్ధతి వదిలేయాలా, ఉంచాలా?" అని ఆవిడ ప్రశ్న. ఒక చిన్న గద్యభాగం, దానికి ముగ్గురు పిల్లలు రాసిన జవాబులు కూడా పంపారు.

సమాధానం: మీ ఉత్తరంలో "నోటితో బాగానే చెబుతారు" అన్న మాటను ముందు కాస్త విప్పి చూద్దాం. చిక్కు అక్కడే ఉంది.

మీరు పంపిన గద్యభాగం ఇది: "తలుపు దగ్గరే రవి ఆగిపోయాడు. చేతిలో కవరు ఉంది, ఇంకా చింపలేదు. 'వచ్చేశావా?' లోపల్నుంచి అక్క గొంతు. రవి గబగబా కవరును పుస్తకాల మధ్య దూర్చాడు. 'వచ్చాను, ఆకలేస్తోంది' అన్నాడు. అక్క పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. రవి చాలాసేపు దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. 'తినవేం?' అంది అక్క. రవి ఉలిక్కిపడ్డాడు." ప్రశ్న: "రవి మనసులో ఏముందని అనుకుంటున్నావు? ఎలా చెప్పగలవు?"

దీన్ని తరగతిలో నోటితో అడిగితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. ఒకరు "భయం" అంటారు. మీరు "ఎలా తెలిసింది?" అంటారు. "కవరు దాచాడు కదా." "దాస్తే?" "అంటే అక్క చూడకూడదని." "మరి తినలేదెందుకు?" "దాని గురించే ఆలోచిస్తున్నాడు." నిమిషంలో నిండు జవాబు తయారైంది. కానీ అందులో సగం మీది. "ఎలా?", "అంటే?", "మరి?" అని మీరు తోడుతున్నారు కాబట్టి ఒక్కో మాటా బయటికి వచ్చింది. కాగితం మీద అలా తోడేవాళ్లు ఎవరూ లేరు. అందుకే అదే పిల్లవాడు "భయం." అని రాసి పెన్ను మూసేస్తాడు. అది బద్ధకం కాదు. మీరు తరగతిలో అడిగినప్పుడు కూడా అతను తనంతట తానుగా అన్నది ఆ ఒక్క మాటే.

ఇంకో సంగతీ చూసుకోవాలి. ఆ "బాగానే చెప్పే" పిల్లలు 38లో ఎందరు? పేర్ల జాబితా దగ్గర పెట్టుకుని, నోరు విప్పిన ప్రతి పిల్లకీ రెండు రోజుల పాటు ఒక గీత పెట్టండి. గీతలన్నీ ఏ ఏడెనిమిది పేర్ల దగ్గరో పోగుపడే అవకాశం ఎక్కువ. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల్ని గమనించి ఒక సంగతి రాశారు. టీచర్లు ప్రశ్న అడిగాక ఆగేది సగటున ఒక్క సెకను, లేదా అంతకన్నా తక్కువ. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. మూడు సెకన్ల మౌనం తరగతిలో చాలా పొడుగ్గా అనిపిస్తుంది, మొదట్లో మనసులో అంకెలు లెక్కపెట్టుకోవలసి వస్తుంది.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి ఆరుగురిని ఎంచుకోండి. ఒక్క మాట రాసేవాళ్లు ఇద్దరు, ఎత్తి రాసేవాళ్లు ఇద్దరు, అచ్చులో పోసినట్టు రాసేవాళ్లు ఇద్దరు. ఒక్కొక్కరితో ఐదు నిమిషాలు కూర్చోండి. ముందు, కొత్త గద్యభాగంలో ఒక వంద మాటలు పైకి చదివించండి. పది మాటలకు ఒకటి కన్నా ఎక్కువ తప్పుపోతే ఆ భాగం ఆ పిల్లకి బరువైనది. దాని మీద రాసే జవాబు గురించి మాట్లాడి లాభం లేదు, తేలికైనది ఇవ్వాలి. చదివాక పుస్తకం మూసి, ఏం జరిగిందో చెప్పమనండి. తరవాత ప్రశ్న అడిగి, జవాబు ఎక్కడ దొరికిందో వేలు పెట్టి చూపించమనండి. చివరగా ఆ పిల్ల చెబుతూ ఉంటే మీరే రాయండి. ఒక్క మాట కూడా కలపొద్దు, "అంటే?" అనొద్దు.

మీరు రాసిపెట్టినప్పుడు జవాబు పొడుగ్గా వస్తే ఆ పిల్లకి చెయ్యి ఆడటం లేదు, గుణింతాలూ ఒత్తులూ వెతుక్కోవడంలోనే శక్తి అయిపోతోంది. మీరు రాసినా ఒక్క మాటే వస్తే, ఇంకా ఏం చెప్పాలో తెలియడం లేదు. వేలు తప్పుచోట పడితే ప్రశ్న అర్థం కాలేదు. కథే చెప్పలేకపోతే చదవడం దగ్గరే ఆగింది. గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో చదివి అర్థం చేసుకోవడాన్ని ఒక గుణకారంగా చూపించారు: అక్షరాలను మాటగా పలకగలగడం, విన్న భాష అర్థం కావడం, ఈ రెంటి లబ్ధం. కూడిక కాదు, గుణకారం. ఒకవైపు సున్నా అయితే రెండోవైపు ఎంతున్నా ఫలితం సున్నాయే. మీ నాలుగు మెట్లు వీటిలో ఏ ఒక్కదాన్నీ బాగుచెయ్యవు. అవి వీటన్నిటి తరవాత వచ్చే పనికి సంబంధించినవి.

ఇప్పుడు మీ పద్ధతి దగ్గరికి వద్దాం. మీరు పంపిన రెండో జవాబు ఇది: "రవి మనసులో భయం ఉంది. ఎందుకంటే పాఠంలో 'రవి గబగబా కవరును పుస్తకాల మధ్య దూర్చాడు' అని ఉంది. దీన్ని బట్టి రవి మనసులో భయం ఉందని నేను తెలుసుకున్నాను." మెట్లన్నీ ఎక్కింది ఈ పిల్ల. మూడో వాక్యం మాత్రం మొదటి వాక్యం దగ్గరికే తిరిగొచ్చింది. కవరు దూర్చడానికీ భయానికీ మధ్య ఉండాల్సిన వంతెన కట్టలేదు.

ఆ వంతెన గద్యభాగంలో ఉండదు. అందుకే అది కష్టం. "ఉత్తరం వస్తే ఎవరైనా వెంటనే చింపి చూస్తారు" అన్నది రచయిత రాయలేదు, మనకు లోకం తెలుసు కాబట్టి తెలుసు. పిల్ల కూడా దాని సాయంతోనే "భయం" అనే చోటికి చేరింది. కానీ అది మరీ అందరికీ తెలిసిన మాట కాబట్టి రాయాలని తోచలేదు. "వివరించు" అన్న ఆజ్ఞ ఆ పని చెప్పదు. దాని బదులు రెండు చిన్న ప్రశ్నలు పెట్టండి: "మామూలుగా అయితే ఏం చేస్తారు? ఇక్కడ ఏం చేశాడు?" ఆ రెంటికీ జవాబు చెబితే ఇలాంటిది వస్తుంది:

"కవరులో ఏముందోనని రవికి గుబులుగా ఉంది. మామూలుగా ఉత్తరం వస్తే వెంటనే చింపి చూస్తాం. రవి మాత్రం చింపలేదు, పైగా అక్క గొంతు వినగానే దాచేశాడు. ఆకలేస్తోందన్నవాడు పళ్లెం ముందు పెట్టినా తినలేదు. అంటే ఆ మాట ఆకలేసి అన్నది కాదు, అక్క దృష్టి మళ్లించడానికి అన్నది."

ఇందులో "పాఠంలో ఇలా ఉంది" లేదు, "దీన్ని బట్టి" లేదు. ఆధారం మాత్రం మూడుచోట్ల నుంచి వచ్చింది. "గుబులు" అన్న మాట కూడా చూడండి. చాలామంది పిల్లల దగ్గర మనసు గురించి చెప్పడానికి మూడే మాటలుంటాయి: భయం, బాధ, సంతోషం. భయం ఎదురుగా ఉన్నదాన్ని చూసి కలుగుతుంది, గుబులు రాబోయేదాన్ని తలుచుకుని. బెరుకు, బెంగ, కంగారు, ఉక్రోషం, చిన్నతనం, ఇలాంటి మాటలు వారానికి మూడేసి చొప్పున గోడ మీద ఎక్కించండి. జవాబు బలం సగం సరైన మాట దొరకడంలో ఉంది. తెలుగులో ఈ సంపద చాలా ఉంది, పిల్లల దాకా చేరడమే తక్కువ.

ఒక పిల్లవాడు "అక్కని ఆశ్చర్యపరుద్దామని దాచాడు" అని రాస్తే తప్పని కొట్టేయకండి. "నీ జవాబుకు అడ్డం తిరిగే వాక్యం ఏదైనా ఉందేమో వెతుకు" అనండి. కవరు ఇంకా చింపలేదు, లోపల ఏముందో తనకే తెలియదు. "తినవేం?" అంటే ఉలిక్కిపడ్డాడు. ఆ రెండూ అడ్డం తిరుగుతాయి. "సిగ్గు" అని ఎవరైనా రాసి, అక్కకి మొహం చూపించలేకపోతున్నాడని వంతెన కడితే దానికి పూర్తి మార్కులివ్వండి. గద్యభాగం దాన్ని కాదనడం లేదు.

విషయం చెప్పే పాఠాలకు "మామూలుగా అయితే" అన్న ప్రశ్న అంతగా సరిపోదు. అక్కడ "ఇది లేకపోతే ఏమయ్యేది?" అని అడగాలి. ఎడారి మొక్కల గురించి ఒక భాగం ఉందనుకోండి. ఒక పేరాలో ఆకుల నుంచి నీరు ఆవిరవుతుందని, ఇంకో పేరాలో కాక్టస్ ఆకులు ముళ్లుగా మారాయని ఉంటుంది. "ముళ్ల వల్ల మొక్కకు ఏం మేలు?" అన్నదానికి జవాబు ఏ ఒక్క వాక్యంలోనూ ఉండదు. ముళ్ల బదులు వెడల్పాటి ఆకులుంటే ఏమయ్యేదో అడగండి, పిల్లలు రెండు పేరాల్నీ వాళ్లే కలుపుతారు.

మెట్ల పద్ధతిని ఏం చెయ్యాలన్నదానికి మీ ముందు మూడు దారులున్నాయి. పూర్తిగా ఎత్తేస్తే చురుకైనవాళ్లకు ఊపిరాడుతుంది, బలహీనంగా ఉన్నవాళ్లు వారం తిరక్కుండా ఒక్క మాట జవాబుకే వెళ్లిపోతారు. ఉన్నదున్నట్టు ఉంచితే దిద్దడం మీకు సులువు, కానీ మెట్లుంటే చాలు మార్కు వస్తుందని పిల్లలకి అర్థమైపోయింది కాబట్టి ఆలోచన ఇంకా తగ్గుతుంది. మూడోది, మనిషిని బట్టి ఉంచడం: ఒక్క మాట రాసేవాళ్లకు ఒక నెల ఉంచి, తరవాత ఒక్కో మెట్టూ తీసేయడం, మిగతావాళ్లకు ఇప్పుడే తీసేసి "అంటే?" అన్న ఒక్క ప్రశ్న మాత్రం మిగల్చడం. ఇందులో ఇబ్బంది, తరగతిలో రెండు రకాల పని నడపాలి, "వాళ్లకెందుకు లేదు?" అని పిల్లలు అడుగుతారు. అయినా నేనైతే దీనివైపే మొగ్గుతాను.

మొదట తీసేయాల్సిన మెట్టు "ప్రశ్నను తిప్పి రాయి". తెలుగులో దీనికి వేరే మెట్టే అక్కర్లేదు. "రవి కవరును ఎక్కడ దాచాడు?" అన్న ప్రశ్నలో "ఎక్కడ" తీసి "పుస్తకాల మధ్య" పెడితే వాక్యం నిండిపోతుంది. మాటల వరస మారదు. ప్రశ్నమాటను వేలితో మూసి, ఆ ఖాళీలో జవాబు పెట్టమనండి, అంతే. "ఎందుకు" దగ్గరే చిక్కు. చిన్న కారణమైతే "అక్క చూడకూడదని దాచాడు" అని అదే ఖాళీలో పడుతుంది. కారణం పొడుగైతే వాక్యం నడుమ ఇరుక్కుపోయి, పిల్ల క్రియాపదం దాకా చేరకుండానే దారి తప్పుతుంది. అప్పుడు వాక్యం ముగించి, "ఎందుకంటే" అని ఇంకోటి మొదలుపెట్టమనండి. ఇంకొకటి గమనించండి: మాట్లాడేటప్పుడు తెలుగులో కర్తను వదిలేస్తాం, "భయమేసింది" అంటే చాలు. రాతలో ఎవరికి వేసిందో తెలియాలి. మొదటి వాక్యంలో పేరు ఉండాలన్న నియమం ఒక్కటి పెడితే చాలా జవాబులు నిలబడతాయి.

ఇక మీరు పంపిన మూడో జవాబు, పేరా ఎత్తి రాసిన పిల్ల సంగతి. ఈమెను మందలించే ముందు, చిన్న తరగతుల్లో ఆ పని ఎన్నిసార్లు సరైన జవాబు అయిందో ఆలోచించండి. "కవరు ఎక్కడ దూర్చాడు?" అంటే ఎత్తి రాయడమే సరైన పని. మారింది ప్రశ్న, ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. టాఫీ రఫేల్ అనే పరిశోధకురాలు 1980ల్లో ప్రశ్నలను జవాబు దొరికే చోటును బట్టి విడదీసి పిల్లలకు నేర్పారు: ఒకేచోట దొరికేవి, రెండు మూడు చోట్ల వెతికి కలపాల్సినవి, రచయిత చెప్పినదానికి మనకు తెలిసింది కలపాల్సినవి, పూర్తిగా మన తలలోంచి వచ్చేవి. జవాబు రాయకముందే ప్రశ్న పక్కన "ఒకచోట", "కలిపి", "నేనూ రచయితా", "నేనే" అని గుర్తు పెట్టించండి. రెండు వారాలు జవాబులు రాయించకుండా ఈ గుర్తులు మాత్రమే పెట్టించినా కాలం వృథా కాదు. తరవాత ఆ పిల్లకి ఒక కట్టుబాటు: వాక్యం చూడు, పుస్తకం మూయి, అప్పుడు రాయి. పాఠంలోంచి వరసగా నాలుగు మాటల కన్నా ఎక్కువ తీసుకోకూడదు. మొదట్లో జవాబులు చిన్నవై, వికారంగా ఉంటాయి. అది మెరుగుదలే.

ప్రశ్నలో రెండు భాగాలుంటే రెండోది గాలికి పోతుంది. "భయం." అని రాసిన మొదటి పిల్లవాడు "ఎలా చెప్పగలవు?" వదిలేశాడు. ప్రశ్నలో ఎన్ని అడిగారో లెక్కపెట్టి, అంచులో ఆ అంకె వేయించండి. రాశాక అంకెకు సరిపడా చెప్పానా అని చూసుకోవాలి. పావు నిమిషం పని, మార్కుల్లో తేడా వెంటనే కనిపించేది ఇక్కడే.

అమెరికాలో డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు 1978-79లో ప్రచురించిన పరిశీలనలో, నాలుగో తరగతి చదువు పీరియడ్లను 4,469 నిమిషాల పాటు గమనిస్తే, అర్థం చేసుకోవడం ఎలాగో నిజంగా నేర్పింది 20 నిమిషాలే. మిగతా కాలంలో ఎక్కువ భాగం ప్రశ్నలడగడం, తప్పొప్పులు చెప్పడం, పని అప్పగించడం. "లోపం నా బోధనలో ఉందా" అని మీరు అడిగారు కాబట్టి దీన్ని ప్రస్తావిస్తున్నాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, ఇది దాదాపు మనందరి అలవాటు. ప్రశ్న వెనక ప్రశ్న అడగడం బోధనలాగే కనిపిస్తుంది.

నేర్పడం అంటే ఇక్కడ, బోర్డు మీద మీరు జవాబు రాస్తూ పైకి ఆలోచించడం. ముందే తయారుచేసుకున్న జవాబు ఎక్కించడం కాదు. "భయం అని రాశాను. ఇంతేనా? అంటే? కవరు దాచాడు అని రాస్తాను... దాచితే భయమేనా, బహుమతైనా దాచొచ్చు కదా. సరే, చింపలేదన్నది కూడా కలుపుతాను." కొట్టివేతలు వాళ్లు చూడాలి. వారానికి రెండుసార్లు, ఎనిమిది నిమిషాలు చాలు. ఇంకోరోజు, పేర్లు లేకుండా మూడు జవాబులు బోర్డు మీద పెట్టి ఏది గట్టిదో, ఎందుకో జంటలుగా తేల్చమనండి. అవి వేరే తరగతివో మీరు కల్పించినవో అయితే మేలు, చేతిరాతను పిల్లలు ఇట్టే గుర్తుపడతారు.

జంటపనిలో మీ "అంటే?"ను వాళ్లకి అప్పగించండి. పక్కవాళ్ల జవాబు చదివి, ఆగిపోయినచోట పెన్సిల్‌తో "అంటే?" అని రాయడం, అంతకుమించి దిద్దకూడదు. రాసినవాళ్లు ఒక వాక్యం కలపాలి. కొన్నాళ్లకు ఎవరి జవాబులో వాళ్లే ఆ గుర్తు పెట్టుకోవడం మొదలవుతుంది. కొందరు ప్రతి వాక్యం చివరా "అంటే?" పెడతారు, అందుకని జవాబుకు ఒక్కటే అని ముందే చెప్పండి.

దిద్దడం గురించి. ఐదు ప్రశ్నలిస్తే ఐదూ దిద్దొద్దు, వంతెన కావాల్సిన ఒక్కదాన్ని పట్టుకోండి. మార్కు వెయ్యకుండా, ఎక్కడ ఆగిందో అక్కడ గీత గీసి "అంటే?" అని రాయండి. మార్కు, వ్యాఖ్య రెండూ ఉంటే కళ్లు మార్కు మీదే పడతాయి, అది మీరు చూస్తున్నదే. పుస్తకాలు తిరిగిచ్చిన పీరియడ్‌లో మొదటి ఏడు నిమిషాలు ఆ ఒక్క జవాబునే మళ్లీ రాయించండి. తిరిగి రాసే సమయం ఇవ్వకపోతే మీరు పెట్టిన గీత వృథా. వర్ణక్రమ దోషాలకు వేరే రోజు పెట్టుకోండి. ఆలోచనకూ అక్షరానికీ ఒకే ఎర్ర సిరా పడితే పిల్ల అక్షరాన్నే సరిచేసుకుంటుంది, అది సులువు కాబట్టి. మాట్లాడే యాసలో రాసినా వంతెన ఉంటే విషయానికి మార్కు తగ్గించకండి.

బట్టీ సలహాను కొట్టిపారేయలేం. పరీక్షలో తరగతిలో చెప్పిన భాగాలే వస్తే, రాసిచ్చిన జవాబులు మార్కులు తెస్తాయి. చూడని గద్యభాగం వచ్చినరోజు ఆ పిల్లల దగ్గర ఏమీ ఉండదు, అప్పుడు పట్టికలో పడిపోయేదీ మీ తరగతే. మీ పరీక్షలో చూడని భాగానికి ఎన్ని మార్కులున్నాయో ముందు లెక్క చూడండి. పరీక్ష దగ్గరపడి ఒత్తిడి తట్టుకోలేకపోతే, రాసిచ్చిన జవాబులు "ఒకచోట" రకం ప్రశ్నలకు పరిమితం చెయ్యండి, మిగతావి వాళ్ల చేతే రాయించండి.

ప్రధానోపాధ్యాయులతో మాట్లాడేటప్పుడు పద్ధతుల పేర్లు చెప్పకండి. ఆ ఆరుగురి నోట్సుల్లోంచి ఈ వారం జవాబొకటి ఫొటో తీసి పెట్టుకోండి. ఆరు వారాల తరవాత అంతే బరువున్న కొత్త గద్యభాగానికి వాళ్లు రాసింది పక్కన పెట్టి చూపించండి. మార్కులు అప్పటికి కదలకపోవచ్చు, ముఖ్యంగా చదవడం దగ్గరే ఆగిన పిల్లలకి. ఎత్తి రాసే ఆ మూడో పిల్లకైతే కొన్ని వారాలు తగ్గొచ్చు కూడా, ఎత్తి రాసినప్పుడు అనుకోకుండా తగిలే మార్కులు ఇక తగలవు కాబట్టి. ఆ సంగతి ప్రధానోపాధ్యాయులకూ, ఆ పిల్లకూ, ఆమె ఇంట్లోవాళ్లకూ ముందే చెప్పి ఉంచండి.